పహాణీ కతలు – 11: రాళ్ల భూమికి రేటు ఎప్పుడొచ్చింది?



పోయిన భాగంలో ఖాస్రా పహాణీ అంటే ఏమిటో, దాన్ని ఎట్లా చదవాలో చెప్పుకున్నాం. ఈసారి ఆ కాగితం చేతిలో పట్టుకొని ఒక ఇంట్లోకి పోదాం. ఆ ఇంటి పేరు ఫాంహౌస్.

శుక్రవారం సాయంత్రమైతే చాలు, ఫోన్ల నిండా ఈ ఇళ్ల ఫొటోలే. ముప్పై మందికి సరిపడా ఇల్లు, స్విమ్మింగ్ పూల్, లాన్, బార్బెక్యూ, డీజే. ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు చెరువు. మామూలు రోజులకు ఒక రేటు, శని ఆదివారాలకు ఒక రేటు. హైదరాబాద్ నుంచి ముంబయి రోడ్డు పడితే పటాన్‌చెరు దాటినప్పటి నుంచి కంది, సంగారెడ్డి, కొండాపూర్, సదాశివపేట దాకా, ఇటు శంకర్‌పల్లి దిక్కు కూడా ఈ ఇళ్లు లేస్తూనే ఉన్నాయి.

ఒక మాట ముందే చెప్తున్నా. ఈ ఇళ్లలో దిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. మన పిల్లలు కూడా తలా ఇంత వేసుకొని పుట్టినరోజుకు, దోస్తుల కలయికకు ఒక రాత్రి తీసుకుంటున్నారు. వారమంతా కంపెనీలో షిఫ్టులు చేసినవాడు ఆదివారం చెట్టు కింద కూర్చోవాలనుకుంటే అందులో తప్పేముంది? నా ప్రశ్న వేరే. ఈ ఇళ్లకు గుట్ట కింది నేల, చెరువు అంచు, బండల మధ్య జాగానే ఎందుకు కావాలి? ఆ జాగా అంతకుముందు ఎవరిది? ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఎట్లా పోయింది?

నాకు తెలిసిన జవాబు చిన్నది. పంటకు పనికిరాదు కాబట్టి ఆ భూమి మనకిచ్చారు. కంటికి ఇంపైన భూమిగా దానికి రేటు వచ్చేసరికి అది మన దగ్గర లేదు. ఈ రెండు వాక్యాల మధ్య డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది. దాన్నే ఇవాళ చెప్పుకుందాం.

*

తెలంగాణలో ఫాంహౌస్ అనేది ఇల్లు మాత్రమే కాదు, రాజకీయ పదం కూడా అయింది. ఎర్రవల్లి ఫాంహౌస్ అంటే ఎవరిదో పిల్లలకు కూడా తెలుసు. 2022 అక్టోబర్‌లో ఎమ్మెల్యేల కొనుగోలు కేసుతో మొయినాబాద్ ఫాంహౌస్ దేశమంతా వినబడింది. 2020 మార్చిలో జన్వాడలో ఒక ఫాంహౌస్ మీద డ్రోన్ ఎగరేసిన కేసులో అప్పటి ఎంపీ రేవంత్ రెడ్డి అరెస్టయ్యారు. ఆ వారం అన్ని చానెళ్లలో జన్వాడ పేరే.

అదే జన్వాడలో 2024 ఫిబ్రవరి 13న రోడ్డు వెడల్పు చేసే గొడవలో మెథడిస్టు చర్చి మీద, అక్కడి దళిత క్రైస్తవుల మీద దాడి జరిగింది. మనుషులు గాయపడ్డారు. ఆ వార్త మీలో ఎంతమందికి గుర్తుంది? ఊరు ఒకటే. ఫాంహౌస్ గోడ మీద నుంచి డ్రోన్ ఎగిరితే రాష్ట్రమంతా తెలుస్తుంది. వాడ మీద రాళ్లు పడితే వాడకే తెలుస్తుంది.

*

ముందు ఇంటి లోపల చూద్దాం. ఈమధ్య కడుతున్న ఫాంహౌస్‌లకు ఒక ఫ్యాషన్ ఉంది. కొత్త ఇంటికి పాత కళ కావాలి. పాత గడీలు, పెద్దిళ్లు కూలినప్పుడు అమ్ముడుపోయిన చెక్కుడు దర్వాజాలు, టేకు స్తంభాలు తెచ్చి నిలబెడతారు. పైన గూన పెంకు. లాన్‌లో ఎడ్లబండి చక్రం. మూలకు ఇసుర్రాయి, రోలు. బావి గట్టు మీద మోట గిరక. వచ్చినవాళ్లు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

ఈ వస్తువులను మనం మన కండ్లతో చదవాలి.

మోట అంటే ఎడ్లతో బావిలోంచి నీళ్లు చేదే ఏర్పాటు. గిరక వడ్లాయన చేసింది. కానీ నీళ్లు మోసింది గిరక కాదు, తోలు. చచ్చిన గొడ్డును ఊరి నుంచి మోసుకొచ్చి, తోలు ఒలిచి, లందలో తంగేడు చెక్కతో నానబెట్టి, కుట్టి తొండం చేసింది మాదిగ. వార్లు ఆయనవి, చెప్పులు ఆయనవి, డప్పు ఆయనది. కరెంటు మోటర్లు రాకముందు మా దిక్కు మోటబావి కింద పండిన ప్రతి గింజలో ఆ తోలుపని ఉంది. కట్టె ఎండి నిలబడ్డది కాబట్టి గిరక మిగిలింది. తోలు కుళ్లిపోయింది. దానితోపాటు కుట్టినవాడి పేరు కూడా పోయింది. ఇవాళ గిరకను చూసి ముచ్చటపడేవాళ్లకు తొండం అనే మాటే తెలియదు.

దర్వాజా సంగతి ఇంకా బాగుంటుంది. ఆ దర్వాజా గడీకి ఉన్నప్పుడు దాని ముందర మన తాతలు చెప్పులు విడిచి, తలగుడ్డ చంకలో పెట్టుకొని నిలబడ్డారు. గడీ గోడకు మట్టి తొక్కింది వెట్టి, రాయి మోసింది వెట్టి, గడీకి కట్టెలు కొట్టింది వెట్టి. ఇప్పుడు అదే దర్వాజా ముందర ప్రీ వెడ్డింగ్ షూట్ జరుగుతోంది. పెళ్లి పిల్లది, పిల్లగాడిది తప్పేమీ లేదు. ఆ చెక్క ఏం చూసిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మనమే.

*

ఇక కాగితంలోకి పోదాం.

మా జిల్లా దళితుల ఇంటిపేర్లు చూడండి. బ్యాగరి, నీరడి, తలారి. ఇవి పేర్లు కావు, పనులు. బ్యాగరి అనే మాట వెనక బేగార్ ఉంది. కూలి లేకుండా చేసే చాకిరీ అని దాని అర్థం. నీరడి అంటే చెరువు తూము దగ్గర నీళ్లు వదిలి, ప్రతి మడికీ పారించేవాడు. ఊరికంతటికీ నీళ్లు పంచే మనిషికి ఊరి బావి ముట్టుకునే హక్కు లేదు. తలారి అంటే ఊరి కావలి. ఈ చాకిరీకి జీతం లేదు. దాని బదులు కొంచెం భూమి అనుభవించమన్నారు. అదే సేవా ఇనాం.

1955లో వచ్చిన హైదరాబాద్ ఇనాముల రద్దు చట్టం చదివితే సేత్‌సింధీ, నీరడి, బలుతా అనే పేర్లు అందులోనే కనబడతాయి. అంటే ఈ చాకిరీ, దాని కింది భూమి రెండూ సర్కారుకు తెలిసినవే. బాబాసాహెబ్ దీన్ని మనకంటే ముందే పట్టుకున్నారు. 1928లోనే బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టారు. కొంచెం వతన్ భూమి చూపి తరతరాలు కట్టేసుకోవడం బానిసత్వమే అన్నది ఆయన వాదం. అక్కడ మహర్ వతన్, ఇక్కడ నీరడి ఇనాం. కులం పేరు మారింది, కట్టుతాడు మారలేదు.

ఇనాం రద్దయ్యాక 1973 నవంబర్ 1 నాటికి భూమి ఎవరి స్వాధీనంలో ఉందో చూసి హక్కు పత్రం ఇవ్వాలన్నారు. అదే ఓఆర్‌సీ. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ స్వాధీనంలో ఎవరున్నారో పహాణీలో రాసేది ఎవరు? పట్వారీ. పటేల్ పట్వారీల వ్యవస్థను ఎన్టీఆర్ తీసేసింది 1984లో. అంటే అసలు లెక్క కట్టే రోజు కలం వాళ్ల చేతిలోనే ఉంది. మన తాత దున్నుతున్నా, కాగితం మీద దున్నేది ఇంకొకరు.

*

రెండో దారి అసైన్డ్ భూమి. పట్నం చుట్టూ ఇవాళ నడుస్తున్న గొడవల్లో చాలా వాటికి మూలం ఇక్కడే.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1958 నాటి నిబంధనలతో సర్కారు భూమిని భూమి లేని పేదలకు ఇస్తూ, అమ్మకూడదు అనే షరతు పెట్టారు. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కీ అయితే 35 నుంచి 54 ఎకరాలు దాటి ఒక కుటుంబం ఉంచుకోకూడదన్నారు. 1975లో ఇందిరాగాంధీ ఇరవై సూత్రాల కార్యక్రమం ప్రకటించారు. ఆమే 1980లో మా మెదక్ నుంచి ఎంపీగా గెలిచారు. ఊరూరా సభలు పెట్టి పట్టా కాగితాలు పంచారు. మన ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్న ఆకుపచ్చ, పసుపు కాగితాలు చాలావరకు ఆ రోజులవే.

ఇప్పుడు అసలు ప్రశ్న. పంచిన భూమి ఏది?

మిగులు భూమి అప్పజెప్పేటప్పుడు ఏ దొరయినా నల్లరేగడి ఇస్తాడా? బావి కింది మడి ఇస్తాడా? రాళ్లు, పడావు పడ్డ చెల్కలు చూపించారు. సర్కారు తన దిక్కు నుంచి ఇచ్చింది బంచరాయి, గైరాన్, గుట్ట వాలు. అంటే పశువులు మేసే జాగా. నాగలి పెడితే కర్రు విరిగే నేల. ఒక ఎకరం, ఎకరంన్నర, అదృష్టం ఉంటే రెండెకరాలు. బావి లేదు, ఎడ్లు లేవు, బ్యాంకు అప్పు లేదు. కాగితం ఇచ్చిన సర్కారు, రాళ్లు ఏరడానికి కూలి ఇవ్వలేదు.

అయినా మన అవ్వలు, తాతలు ఆ రాళ్లు ఏరారు. వంగి వంగి ఏరి గట్టుకు కుప్పలు పోశారు. జొన్న చల్లారు, కంది చల్లారు, వాన పడ్డ ఏడాది నాలుగు బస్తాలు తెచ్చుకున్నారు. ఆ రాళ్ల కుప్పలు ఇప్పటికీ కొన్ని ఫాంహౌస్‌ల కాంపౌండ్ పక్కన కనబడతాయి. వాటిని ల్యాండ్‌స్కేపింగ్ అనుకుంటున్నారు.

ఇక్కడ తిరకాసు చూడండి. వ్యవసాయానికి చెడ్డ భూమి అనేదానికి ఏ లక్షణాలున్నాయో, ఫాంహౌస్‌కు మంచి భూమి అనేదానికి సరిగ్గా అవే లక్షణాలు. గుట్ట వాలు అంటే వ్యూ. బండలు అంటే రాక్ గార్డెన్. ఊరికి దూరం అంటే ప్రైవసీ. చుట్టూ పంట లేకపోవడం అంటే ప్రశాంతత. చెరువు అంచు అంటే లేక్ వ్యూ. మనల్ని ఊరవతలికి నెట్టారు కదా, ఆ ఊరవతలకే ఇవాళ ధర ఎక్కువ. వెలివేతను కొలిచిన దూరాన్నే ఇప్పుడు ఏకాంతం అని అమ్ముతున్నారు.

*

మరి ఆ భూమి చేతులెట్లా మారింది? అమ్మొద్దన్న షరతు ఉంది కదా?

దీనికి పటాన్‌చెరు చరిత్ర తెలియాలి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. మెట్ట పంటల పరిశోధన కోసం దాదాపు 1,400 హెక్టార్లు ఇచ్చారు. మన్మోల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు జాగా ఖాళీ చేశాయి. తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో పారిశ్రామికవాడలు వచ్చాయి. వెనకబడిన జిల్లా అని రాయితీలు ఇచ్చారు. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు దిగాయి.

వాటి నీళ్లు నక్కవాగులో కలిశాయి, నక్కవాగు మంజీరలో కలిసింది. బావుల్లో రంగు నీళ్లు వచ్చాయి. వరి ఎర్రబడ్డది, పశువులు చచ్చిపోయాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు చెప్పుకుంది.

పంట నష్టానికి పరిహారం ఇచ్చేటప్పుడు ఎకరాల లెక్కన కట్టారు. పట్టాదారుకు వచ్చింది. అదే పొలంలో కలుపు తీసే కైకిలి మనిషికి ఏ లెక్కా లేదు. నాట్లు లేకపోతే ఆమె కూలి పోయింది. కూలికి ఎకరం ఉండదు కదా, పరిహారం ఎట్లా వస్తుంది?

అట్లా వ్యవసాయం నుంచి ఊడిపోయినవాళ్లు కంపెనీ గేట్ల ముందర నిలబడ్డారు, కాంట్రాక్టు కూలీలయ్యారు. చెల్క పడావు పడింది. సరిగ్గా అప్పుడే రోడ్లు వచ్చాయి. ముంబయి హైవే వెడల్పయింది, ఔటర్ రింగ్ రోడ్డు ముత్తంగి దగ్గర తగిలింది. కందిలో ఐఐటీ వచ్చింది. బ్రోకర్లు వాడలోకి వచ్చారు. బిడ్డ పెళ్లి, దవాఖాన ఖర్చు, పాత అప్పు. ఈ మూడింటిలో ఏదో ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించుకున్నారు, వేలిముద్ర వేయించుకున్నారు. కొందరి దగ్గర అసలు పట్టా కాగితమే తీసుకున్నారు.

గాలి ఎట్లా మారిందో చూడండి. ఊరివాడు బతుకు కోసం పోయి కంపెనీ గాలి పీలుస్తున్నాడు. పట్నంవాడు మంచి గాలి కోసం వచ్చి ఊరివాడు వదిలిన చెల్కలో పడుకుంటున్నాడు.

గ్రూప్ స్టే అని ఇవాళ అంటున్నారు. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం గల్లీల్లో కూడా గ్రూప్ స్టే ఉంది. ఒక రేకుల గదిలో ఎనిమిది, పది మంది. పగలు షిఫ్టువాడు లేస్తే రాత్రి షిఫ్టువాడు అదే చాప మీద పడుకుంటాడు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కంపెనీ పేలి యాభై మందికి పైగా చనిపోయినప్పుడు వాళ్లలో ఎక్కువమంది ఇట్లాంటి వలస కూలీలే. ఇవాళ వాళ్లు, నిన్న మనం. చాప మారలేదు.

*

చట్టం దగ్గరికి వస్తా. ఇది జాగ్రత్తగా చదవండి.

1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. జనం పీఓటీ చట్టం అంటారు. దాని సారం ఇది. పేదకు ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. రిజిస్ట్రేషన్ చేసినా చెల్లదు, అగ్రిమెంటు రాసినా చెల్లదు. కొన్నవాడి దగ్గర నుంచి తహసీల్దారు ఆ భూమి స్వాధీనం చేసుకొని అసలు అసైనీకి, లేదా వారసులకు తిరిగి ఇప్పించవచ్చు. ఈ చట్టం రాకముందు జరిగిన అమ్మకాలకు కూడా ఇది వర్తిస్తుంది. కొన్నవాడు కూడా భూమి లేని పేద అయి, మంచి నమ్మకంతో కొనుక్కుంటే కొంత మినహాయింపు ఉంది. స్విమ్మింగ్ పూల్ కట్టేవాడు భూమి లేని పేద కాడు కదా.

ఈ చట్టం ఎంత అమలైందో కోనేరు రంగారావు కమిటీ 2006 నివేదికలో చూడవచ్చు. అసైన్డ్ భూములు పరుల చేతుల్లోకి పోయిన తీరు రాసి, భూచట్టాల అమలు మీద 104 సిఫార్సులు చేశారు. ఆ పుస్తకం ప్రతి అంబేద్కర్ సంఘం దగ్గర ఉండాలి.

తర్వాత కాగితమే మారింది. పాత పహాణీలో పట్టాదారు ఎవరో ఒక గడిలో, అనుభవదారు ఎవరో ఇంకో గడిలో రాసేవారు. దొర పట్టా అయినా, సాగులో ఉన్నది మనమైతే ఆ రెండో గడిలో మన పేరు వచ్చే అవకాశం ఉండేది. 2017లో రికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబర్ 29న ధరణి. ఆ దెబ్బకు అనుభవదారు గడి పోయింది. 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి ఒక పంటకు 4,000 రూపాయలు, తర్వాత 5,000 చొప్పున పట్టాదారుకే వచ్చింది. కౌలుదారుకు రాలేదు. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. వ్యాపారానికి వాడే భూమిని 2006 నాలా చట్టం కింద మార్పిడి చేయించుకోవాలి. చేయించుకోకపోతే కాగితం మీద అది సాగుభూమే. అందుకే లాన్‌కు రైతు సాయం, కౌలు రైతుకు సున్నా అని అప్పట్లో మనం గొంతు చించుకున్నాం. ధరణి తీసేసి 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి రోజే, భూభారతి తెచ్చారు. రోజు మంచిదే ఎంచుకున్నారు. పని కూడా ఆ పేరుకు తగ్గట్టు ఉండాలని అడిగే బాధ్యత మనది.

*

ఇప్పుడొక కేసు. ఊరు పేరు, మనుషుల పేర్లు చెప్పను. విషయం ఇంకా నడుస్తోంది.

పోయిన ఎండాకాలం ఒక అవ్వ ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, గీ కాగితం ఇంకా పనికొస్తదా?" అని అడిగింది. ఆమె పెనిమిటి పేరు మీద ఎకరం ఇరవై గుంటల అసైన్డ్ పట్టా. ఆయన పోయి చాలా ఏండ్లయింది. బతికున్నప్పుడు దవాఖాన ఖర్చుకు ఒకాయన దగ్గర పైసలు తీసుకొని అగ్రిమెంటు మీద వేలిముద్ర వేశాడు. ఆ నేల ఇప్పుడు ఒక ఫాంహౌస్ కాంపౌండ్ లోపల ఉంది. ఇల్లు పక్క సర్వే నంబరులో ఉంది, ఈ ఎకరంన్నర లాన్.

ఆమె కొడుకు అక్కడే వాచ్‌మన్. జనరేటర్ పక్కన ఒక గది ఇచ్చారు. కోడలు గదులు ఊడుస్తుంది.

"ఇప్పుడెందుకు అడుగుతున్నవ్ అవ్వా?" అన్నాను.

"రింగు రోడ్డు వస్తదట. నో అబ్జక్షన్ కాగితం మీద సంతకం పెట్టమంటున్రు. పెట్టకుంటే పిలగాని కొలువు పోతదంటున్రు. పెడితే ఏం పోతది?"

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. కొన్నవాడికి భూమి నిజంగా తనదే అయితే ఆమె సంతకం ఎందుకు? ఇన్నేళ్ల తర్వాత, ఇంత గోడ కట్టిన తర్వాత, ఇంకా ఆ అవ్వ వేలిముద్రతో పని ఉందంటే చట్టం ఇంకా ఆమె దిక్కే ఉందని అర్థం. వాళ్ల వకీలుకు ఆ విషయం తెలుసు. మన అవ్వకు తెలియదు. తేడా అంతే.

ఆమె సంతకం పెట్టలేదు. విరాసత్ కోసం, పీఓటీ కింద భూమి తిరిగి ఇప్పించడం కోసం దరఖాస్తులు ఇచ్చాం. రసీదులు తీసుకున్నాం. కొడుకు కొలువు పోయింది. ఇప్పుడు కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతున్నాడు. ఫలితం ఏమవుతుందో వచ్చినప్పుడు రాస్తా.

ప్రతి ఫాంహౌస్ కిందా ఇట్లాంటి కత ఉందని నేనంటలేను. సొంత పట్టా భూమిలో, అన్ని అనుమతులతో కట్టినవి ఉన్నాయి. కానీ అడిగితే తప్ప ఏది ఏదో తెలియదు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

*

వేరే దేశంలో అడిగారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి తోటల యజమానుల పెద్ద బంగళాలు ఉన్నాయి. తెల్ల స్తంభాలు, పెద్ద చెట్లు. వాటిని పెళ్లిళ్లకు అద్దెకిస్తారు. ఆ తోటల్లో పనిచేసినవాళ్లు బానిసలు. 2019 డిసెంబర్‌లో నల్లజాతి హక్కుల సంస్థ కలర్ ఆఫ్ చేంజ్ ఒత్తిడితో పింటరెస్ట్, ది నాట్ లాంటి కంపెనీలు ఆ పెళ్లిళ్లకు ప్రచారం చేయడం తగ్గించుకున్నాయి. 2022లో మిసిసిపీలో బానిసలు బతికిన ఒక గుడిసెకు ఏసీ, కొత్త బాత్‌రూమ్ పెట్టి ఎయిర్‌బీఎన్‌బీలో అద్దెకు పెట్టారు. జనం తిరగబడితే కంపెనీ క్షమాపణ చెప్పి అట్లాంటి ఇళ్లను తీసేస్తామంది. అక్కడ ప్రశ్న వేసింది బానిసల మునిమనవలు. ఇక్కడ ప్రశ్న వేయాల్సింది ఎవరో నేను చెప్పాల్సిన పని లేదు.

మన జిల్లాలోనే ఇంకో దారి కూడా ఉంది. జహీరాబాద్ దిక్కు పోండి. 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. వాళ్లకూ ఇట్లాంటి రాళ్ల చెల్కలే వచ్చాయి. వాళ్లు వాటిని బాగుచేసి కొర్ర, సామ, జొన్న, పప్పుధాన్యాలు కలిపి పండించారు. 2008లో మాచునూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ప్రతి ఏడాది పాత పంటల జాతర చేస్తారు. ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరుగుతారు. ఫాంహౌస్ మెనూలో మిల్లెట్ థాలీ అని ఇవాళ రాసుకుంటున్న తిండి వీళ్లు కాపాడింది. ఇక్కడ బండి చక్రం గోడకు ఆనించి లేదు, నడుస్తోంది. భూమి చేతిలో ఉన్నదానికి, లేనిదానికి తేడా ఇదే.

1942లో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ సభ మనకు వేరే ఊళ్లు, సర్కారు భూములు కావాలని తీర్మానం చేసింది. 1947లో రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో బాబాసాహెబ్ భూమిని జాతీయం చేయాలన్నారు. ఎకరంన్నర రాళ్ల ముక్క ఆయన అడిగింది కాదు. కానీ అది కూడా పోగొట్టుకుంటే పెద్దది అడిగే నోరు మనకు ఉండదు.

*

ఇక చేయాల్సిన పనులు. ఈ భాగం కాపీ చేసి వాడలో గ్రూపుల్లో పెట్టండి.

ఇంట్లో పాత పట్టా, పాత పాసుపుస్తకం, శిస్తు రసీదు ఏది ఉన్నా ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్స్ కోసం కూడా ఒంటరిగా వదలొద్దు. తహసీల్దారు ఆఫీసులో 1954–55 ఖాస్రా పహాణీ, తర్వాతి ఏళ్ల పహాణీలు, అసైన్‌మెంట్ రిజిస్టర్ నకళ్లకు దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. తాత, తండ్రి చనిపోయి ఉంటే విరాసత్ ఆలస్యం చేయొద్దు. నో అబ్జెక్షన్, అగ్రిమెంటు, తెల్లకాగితం దేని మీదా చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. అమ్మినా సరే, అంతా అయిపోయిందని కూర్చోవద్దు. అసైన్డ్ అయితే ఇంకా అయిపోలేదు.

ఫాంహౌస్ బుక్ చేసుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒకటే మాట. పోండి, సంతోషంగా ఉండండి. పొద్దున లేచాక వాచ్‌మన్‌తో ఒక ఛాయ్ తాగండి. ఆయనది ఏ ఊరో, ఆయన తాతకు ఎక్కడ చెల్క ఉండేదో అడగండి. సర్వే నంబరు చెప్తే రాసుకొని నాకు పంపండి. మిగతా పని నేను చూసుకుంటా.

వచ్చే భాగంలో రీజనల్ రింగ్ రోడ్డు. సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్ దారిలో అసైన్డ్ భూములు ఉన్నవాళ్లు పరిహారం కోసం ఇప్పుడే ఏ కాగితాలు పెట్టుకోవాలో రాస్తా.

జై భీమ్.